మూడో ప్యానెల్ దగ్గర చప్పుడు

ఆ సబ్‌స్టేషన్‌లో రిలే గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అందులోకి వెళ్ళమంటే వాచ్‌మన్ నుంచి ఇంజనీరు దాకా అందరికీ అర్జెంటుగా ఇంకేదో పని గుర్తొచ్చేది. రోజూ రాత్రి మూడో ప్యానెల్ దగ్గర టక్కుమని చప్పుడు... ఆ వెంటనే ఎర్ర దీపం. ధైర్యం చేసి వెళ్ళి చూస్తే — ఎవరూ ఉండరు.

లైన్‌మన్ పోయినప్పటి నుంచే ఇది మొదలైంది. ఆ ప్యానెల్ కాపలా కాసే లైన్ మీదే అతని ప్రాణం పోయింది. అతనే వస్తున్నాడని అందరూ తేల్చేశారు.

నమ్మనిది ఒక్కర్తే, అతని చెల్లెలు. ఇంకో సబ్‌స్టేషన్‌లో రిలేలు టెస్ట్ చేయడం ఆమె ఉద్యోగం. ఆమెను తినేస్తున్నది దెయ్యం కాదు, విచారణ. కరెంటు ఆపించుకోకుండానే అన్న స్తంభం ఎక్కాడనీ, తప్పంతా అతనిదేననీ రాసి పడేశారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆపరేటరు చెప్పిందే వాళ్ళకు వేదమైంది. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. శవం దగ్గర వదిన కంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనే.

"మీ అన్న ఆపించుకోకుండా ఎక్కే మనిషేనా?" అని వదిన ఒక్కసారే అడిగింది. తర్వాత ఎవరితోనూ మాట్లాడటం మానేసింది.

కాదని సాక్ష్యం చెప్పగలిగింది ఒక్కటే — మూడో ప్యానెల్‌లో ఉన్న రిలే.

రిలే క్షణం కూడా కన్ను మూయదు. లైన్‌లో నడిచేదంతా చూస్తూ, చూసింది చూసినట్టే మరిచిపోతూ ఉంటుంది. ఏదైనా తేడా వచ్చిందా, ఇక మరిచిపోదు. ఆ క్షణాన్నీ, దానికి ముందు కాసేపటినీ, తర్వాత కాసేపటినీ కలిపి గీతలుగా దాచేస్తుంది. అన్న చెయ్యి వేసేటప్పటికే లైన్‌లో కరెంటు ఉందా... లేక అతను పైన ఉండగా ఎవరైనా వదిలారా... ఆ గీతలు చూస్తే తెలిసిపోతుంది.

కాకపోతే దాని పొట్ట చిన్నది. నిండాక కొత్త రికార్డు వచ్చిందంటే, అన్నిటికన్నా పాతది పోతుంది.

రికార్డు తీసుకోనివ్వండని చెల్లెలు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. రేపు రమ్మన్నారు, మాపు రమ్మన్నారు. చివరికి ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా ఆ గదిలోకి వచ్చేసింది. దెయ్యం పుణ్యమా అని అక్కడ అడ్డుకునేవాడే లేడు.

లైటు వేయలేదు. ల్యాప్‌టాప్ తెరిచి రిలేకి కేబుల్ పెట్టింది. రికార్డులన్నీ వరసగా వచ్చాయి. అన్నిటికన్నా అడుగున — అన్న పోయిన తేదీ.

ఉంది... ఇంకా ఉంది.

మరి దాని పైనున్నవి? రోజుకొకటి. అన్నీ రాత్రి పుట్టినవే. లైన్‌లో ఏ తేడా లేకుండానే పుట్టినవి... పగలైతే ఆమెకు సంగతి ఇట్టే తట్టేది. ఆ చీకట్లో మాత్రం అన్నే గుర్తొచ్చాడు.

అంతలో అడుగులు.

చెప్పుల్లేని అడుగులు... మెల్లగా... ఈ గది వైపే...

"అన్నయ్యా..." అంది, తనకే వినపడనంత మెల్లగా. రికార్డు కాపీ చేయాల్సిన చెయ్యి కేబుల్‌ని లాగేసింది. ల్యాప్‌టాప్‌ని గుండెకు హత్తుకుని ప్యానెల్ వెనక్కి దూరింది.

తలుపు తెరుచుకుంది. ఒక ఆకారం తిన్నగా మూడో ప్యానెల్ దగ్గరికి వచ్చింది. వేలు చాచింది.

టక్.

ఎర్ర దీపం వెలిగింది. ఆ వెలుగులో ముఖం కనిపించింది — బాబాయ్.

టెస్టింగ్‌కి వచ్చినవాళ్ళంతా నొక్కే బటనే అది. నొక్కితే చాలు, ఏమీ జరగకపోయినా కొత్త రికార్డు పుడుతుంది. పాతవి తుడిచేస్తే తుడిచినట్టు గుర్తు మిగులుతుంది. ఎవరికీ అనుమానం రాకుండా ఇలా రోజుకొకటి నింపుకుంటూ పోతే అన్న రికార్డు దానంతట అదే పోతుంది. అన్న పైన ఉండగా పొరపాటున లైన్ ఆన్ చేసిన చెయ్యీ ఇదే.

ఆమె బయటికి వచ్చి మళ్ళీ కేబుల్ పెట్టింది. ఆయన అడ్డుకోలేదు. అడుగున ఇప్పుడు అన్న పోయిన మర్నాటి తేదీ ఉంది.

పారిపోకుండా రెండు ఊపిర్ల సేపు అక్కడే నిలబడి ఉంటే, ఆ రికార్డు ఆమె చేతిలో ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇక బతికినంత కాలం తెలుస్తూనే ఉంటుంది.

"ఎందుకు బాబాయ్?"

ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు.

"భయపడ్డావా తల్లీ?" అన్నాడు గుసగుసగా. "దెయ్యం గియ్యం ఏం లేదమ్మా. రేపటి నుంచి ఆ చప్పుడు కూడా వినపడదులే."