బయట ఉండిపోయిన గొంతు

దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్లు కూడా. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

మా ఇంట్లో వీధిగదే నా కుట్టుగది, అదే మా తమ్ముడి స్టూడియో. ఇటు గోడకు నా మిషను, అటు గోడకు వాడి కంప్యూటరు. పగలు వాడు స్టేషన్‌లో బళ్ల రాకపోకలు మైకులో చెప్పేవాడు. "ప్రయాణికులకు మనవి" అని వాడంటే చాలు, బెంచీల మీద కునికేవాళ్లు కూడా లేచి సంచులు సర్దుకునేవారు. దేవుడిచ్చిన గొంతు. ఆ గొంతునంతా సాయంత్రం ఇంటికి తెచ్చి, ఇంకా పుట్టని వీడియో గేముల మీద ఖర్చుపెట్టేవాడు.

కొత్త గేము ట్రైలరు వచ్చిందంటే వాడికి తిండీ నీళ్లూ అక్కర్లేదు. అడుగడుగునా బొమ్మను ఆపి, గోడ మీది మరకకు కూడా ఎర్రగీత చుట్టి, "ఇక్కడేదో రహస్యం ఉందక్కా" అనేవాడు.

"మరకరా నాయనా, తడిగుడ్డ పెడితే పోతుంది" అనేదాన్ని నేను, బొత్తాలు కుట్టుకుంటూ.

ఇదంతా వాడు నెట్‌లో లైవ్ పెట్టేవాడు, ఆ మాటలకే జనం పోగయ్యారు. నాకు మిషనక్క అని పేరు పెట్టారు. నలుగురు వింటుంటే నాకు ఆకలి తెలీదు, అబద్ధమెందుకు.

లైవ్ మొదలుపెట్టే ముందు దేవుణ్ణి తలుచుకోవడం నా అలవాటు. కళ్లు మూసుకుని, "స్వామీ, చూసేవాళ్లను చల్లగా చూడు" అంటాను. వెంటనే వాడు, "చూపించేవాళ్లను మర్చిపోకు" అనేవాడు. ఎవరూ నేర్పింది కాదు. మా ఇద్దరి మధ్యే పుట్టిన ప్రార్థన.

అప్పుడే, రాబోయే ఒక దెయ్యాల గేము కోసం అభిమానుల గొంతులు కావాలని దాని తయారీదార్లు అడిగారు. షరతు ఒకటే. సొంత ఇంటి గుమ్మం బయట నిలబడి లోపలివాళ్లను పిలవాలి. లోపలివాళ్లు తలుపు తియ్యకూడదు.

తమ్ముడు గంతేశాడు. "నా గొంతు గేములోనే అక్కా! ఇక చచ్చినా ఫర్వాలేదు."

"అవేం మాటల్రా, శుభం పలుకు" అని కసిరాను.

వాన కురుస్తున్న ఓ సెలవురోజు మధ్యాహ్నం, లైవ్‌లోనే పని మొదలెట్టాం. వాడు బయట. నేను లోపల, గడియ మీద చెయ్యేసి.

"అక్కా, నేనే. తలుపు తియ్యి."

"పాలు పోయించుకోమన్నట్టుందిరా. మళ్లీ చెప్పు."

చూసేవాళ్లు పడీపడీ నవ్వారు. వాడు మళ్లీ పిలిచాడు. బాగా రావాలని నేనూ వదల్లేదు. ఇంకా దీనంగా అన్నాను. ఇంకా భయంగా అన్నాను. ఎన్నిసార్లు పిలిపించానో లెక్కలేదు. చివరికొచ్చేసరికి ఆ పిలుపులో నటన లేదు.

"అక్కా... చలేస్తోంది... తియ్యవే..."

జనం ఆహా ఓహో అని రాస్తున్నారు. "చాల్లే, రా" అని గడియ తీశాను. వాడు తడిసి ముద్దై, నవ్వుతూ నోరు తెరిచాడు.

మాట రాలేదు.

డాక్టరుగారు గొంతులోకి లైటు వేసి చూశారు. అంతా సవ్యంగానే ఉందన్నారు. పిలుపుల రికార్డింగు గేమువాళ్లకు పంపాం. వారాలు గడిచాయి. స్టేషన్‌లో వాణ్ణి మైకు తప్పించి పార్శిళ్ల దగ్గర వేశారు. గొంతు తిరిగొచ్చిన రోజున మైకు నీదే అన్నారు. వాడు సరేనని తలూపి, ఇంటికొచ్చి దిండులో ముఖం దాచుకున్నాడు. ఏడుపుకు కూడా చప్పుడు లేదు.

ఆ గేము ట్రైలరు వచ్చిన సాయంత్రం లైవ్ పెట్టాం. ప్రార్థనలో నా వంతు నేనన్నాను. వాడి వంతు ఖాళీగా వదిలాను.

తెర మీద పొడుగాటి నడవా. మసక దీపం. చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు. చివర్న మూసిన తలుపు. దాని వెనక నుంచి మా వాడి గొంతు.

"అక్కా, నేనే. తలుపు తియ్యి."

తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అలవాటు చొప్పున చెయ్యి చాచి ట్రైలరు ఆపాడు. బొమ్మ ఆగింది.

గొంతు ఆగలేదు.

"అక్కా... చలేస్తోంది..."

స్పీకర్ల తీగ ఊడలాగాను.

"తియ్యవే..."

మా వీధి తలుపు అవతలి నుంచి.

"ఎఫెక్టు అదిరింది మిషనక్కా" అని ఎవరో రాశారు. లైవ్ కట్టేశాను. గదంతా నానబెట్టి మర్చిపోయిన బట్టల వాసన. బయట వాన లేదు. చినుకు కూడా లేదు.

తమ్ముడు గడియ వైపు నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను. వాడు ఫోనులో గబగబా కొట్టి నా ముఖం ముందు పెట్టి, రెండో చెయ్యి నా మీదుగా గడియకు వేశాడు. "అది నాదే. రానివ్వు."

నిజమే. తలుపు తీస్తే వాడి గొంతు వాడికి దక్కుతుందేమో. తియ్యకపోతే జన్మంతా ఇంతేనేమో. కానీ గొంతుకు కాళ్లుండవు కదా... దాన్ని మోసుకొచ్చిందెవరు?

కళ్లు మూసుకున్నాను. తలుపుకు నోరు ఆనించి, "స్వామీ, చూసేవాళ్లను చల్లగా చూడు" అన్నాను.

అవతల ఊపిరి. చెక్కకు ఆనించి... సరిగ్గా నా చెవి దగ్గర.

"మా వాడివైతే తర్వాతి మాట చెప్పు" అని గుసగుసగా అడిగాను.

అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడు. తర్వాత...

"అది నాకు బయట ఎప్పుడూ నేర్పలేదుగా అక్కా" అంది మా తమ్ముడి గొంతు. "తియ్యి. నేర్చుకుంటాను."

తమ్ముడి చెయ్యి గడియ మీంచి జారిపోయింది. వాడే ముందు కిందకి కూలబడి, తలుపుకు వీపు ఆనించాడు. పక్కనే నేనూ కూర్చున్నాను. దేవుడి పేరు తప్ప ఇంకేమీ నోట రాలేదు. ఎప్పటికో ఆ ఊపిరి ఆగింది.

ఆ తలుపు మళ్లీ తియ్యలేదు. వెనక దారినే తిరుగుతున్నాం. తమ్ముడికి గొంతు రాలేదు. గేముల పిచ్చి మాత్రం అలాగే ఉంది. వాడు ఎర్రగీతలు చుడతాడు, నేను మాట్లాడతాను. ఆ ఒక్క గేము పేరూ ఎత్తం. ప్రార్థనలో వాడి వంతు వాడిదే, ఇంకెవరూ అనకూడదని, ఇప్పటికీ ఖాళీగానే వదులుతాను.

మొన్న లైవ్ అయ్యాక జనం రాసినవి చదువుతున్నాను. "తమ్ముడికి మాటొచ్చిందా మిషనక్కా? చల్లని కబురు." ఒకరు కాదు, అందరూ అదే.

రికార్డింగు పెట్టుకుని విన్నాను. నా వంతు అయింది. ఖాళీ వచ్చింది. తెర మీద తమ్ముడు చేతులు జోడించి, పెదవులు బిగించుకుని ఉన్నాడు.

"చూపించేవాళ్లను మర్చిపోకు."

తలుపు అవతలి నుంచి వచ్చిన మాటలా లేదు అది. మైకుకు పెదవులు ఆనించి అన్నట్టుంది.