చివరి పాటలో బేస్ లేదు

"పాట వినడానికి వచ్చే మనిషిని పాట మధ్యలోనే లేపేస్తారు," అన్నాడు చీఫ్.

లాండ్రీ షాపు వెనక గది అది. ఇస్త్రీ ఆవిరికి గోడలు చెమరుస్తున్నాయి. ఏజెంట్ కుర్చీలో కూలబడి మోకాలు నొక్కుకున్నాడు.

"ఎవర్ని సార్?"

"మాస్టారిని."

సరిహద్దు అవతలి ముఠా పంపే రహస్య సంకేతాలన్నీ విప్పి చదివిన మేధావి ఆయన. కోర్టులో ఆయన నోరు తెరిస్తే ముఠా మొత్తం కటకటాల వెనక్కి పోతుంది. అందుకే డిపార్ట్‌మెంట్ ఆయన్ని కంటికి రెప్పలా దాచింది.

"దాచిన మనిషికి కచేరీలేమిటి?"

"కూతురు డ్రమ్స్ వాయిస్తుంది. ఒక్కసారైనా విననిదే సాక్ష్యం చెప్పనని భీష్మించాడు. సంగతి ఎలాగో ముఠాకి పొక్కింది. ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో పేరు మోసిన బృందం ఒకటి ఊరూరా తిరుగుతోంది. వాళ్ళకంటే ముందు స్టేజీ ఎక్కి జనాన్ని వేడెక్కించే సపోర్ట్ బ్యాండ్ ఈ అమ్మాయిది. వాళ్ళకి సౌండ్ ఇంజనీర్ కావాలి. నువ్వే."

"నేను రిటైర్మెంట్ అడిగాను సార్."

"ఇస్తాను. ముందిది చూడు. అక్కడ లైట్లు చూసే ఆమె మన మనిషే. కోడ్ నేమ్ మెరుపు. ముఠా దగ్గర కూడా జీతం తీసుకుంటుంది."

"ఇంతకీ మన మనిషా, వాళ్ళ మనిషా?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపిస్తాను?"

అలా ఏజెంట్ తెల్ల విగ్గు, చెవి పోగు పెట్టుకుని వ్యాన్ ఎక్కాడు. బ్యాండ్ పిల్లలు మొదటి రోజే 'బాబాయ్' అని పిలవడం మొదలుపెట్టారు. ఊరు మారేది, హాలు మారేది, పని మారేది కాదు. స్పీకర్లు దించడం, కేబుళ్ళు పరచడం, మళ్ళీ చుట్టడం. గన్ను పట్టిన రోజుల్లో కూడా నడుం ఇంత పట్టెయ్యలేదు. డ్రమ్మర్ అమ్మాయి మాత్రం టీ తెచ్చినప్పుడల్లా "బాబాయ్, కాసేపు కూర్చో," అనేది. కన్నతండ్రి ఎక్కడున్నాడో కూడా తెలియని పిల్ల. ఆ మాటకి బాబాయ్ కేబుల్ పక్కన పెట్టి కూర్చునేవాడు.

మెరుపు మొదటి ఊళ్ళోనే పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది. హాలు వెనక సౌండ్ మిక్సర్, లైట్ల బల్ల పక్కపక్కనే ఉంటాయి. నల్లకోటు, నల్లకళ్ళద్దాలు. హాల్లో మగాళ్ళందరూ స్టేజీ వదిలేసి వెనక్కి తిరిగేంత అందం.

"వాన పడేలా ఉందా?" అంది.

"గొడుగు అద్దెకిచ్చేశాను," అన్నాడు బాబాయ్. కోడ్ కలిసింది. నమ్మకం మాత్రం కలవలేదు.

మాస్టారు వచ్చే సాయంత్రం రానే వచ్చింది. హాలు కిక్కిరిసింది. మారువేషంలో, ఉన్ని టోపీతో బాల్కనీ మొదటి వరసలో కూర్చున్నాడాయన. డిపార్ట్‌మెంట్ మనుషులు మెట్ల దగ్గర కాపలా కాస్తున్నారు. పాటలు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి. చివరి పాట మొదలయ్యాక మెరుపు పెదవులు కదపకుండా మాట్లాడింది.

"గన్ను పైన లైట్ల కమ్మీకి బిగించి ఉంది. గురి ఆయన సీటు మీదే. ముఠావాళ్ళు ఇప్పుడే చెప్పారు నాకు."

"లేపి పంపించేస్తాను."

"లేస్తే బాల్కనీ తలుపు దగ్గరున్న వాడు కాలుస్తాడు. టికెట్లు చింపే యూనిఫాం, చూడు."

"మరి పైనున్నది ఎవరు పేలుస్తారు?"

"ఎవరూ పేల్చక్కర్లేదు. ఈ పాటలో అందరూ ఆగి, చీకటి పడి, ఒక్కసారిగా లాప్‌టాప్‌లోంచి గుండెలదిరే బేస్ మోత పడుతుంది కదా? ఆ ఒక్క మోతకే పేలే రిసీవర్ ఉంది గన్నుకి. పేలిన చప్పుడు బేస్‌లో కలిసిపోతుంది. ఆ బేస్ రానివ్వకు."

ఇదే ఉచ్చయితే? బేస్ ఆగడమే వాళ్ళ సిగ్నలైతే? బేస్ తీసినా ప్రాణం పోవచ్చు, ఉంచినా పోవచ్చు.

"నిన్నెందుకు నమ్మాలి?"

మెరుపు కళ్ళద్దాలు తీసింది. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి. కళ్ళ కింద నల్లటి వలయాలు, రెప్పలు వాచి ఉన్నాయి.

"అలిసిపోయాను బాబాయ్," అంది. "రెండు వైపులా నటించీ నటించీ."

అబద్ధం ఆడటానికి ఓపిక కావాలి. ఆ కళ్ళలో అది చుక్క కూడా మిగల్లేదు. అలాంటి కళ్ళని బాబాయ్ రోజూ అద్దంలో చూస్తున్నాడు.

స్టేజీ మీద గిటార్లు ఆగాయి. సింథసైజర్ ఆగింది. చీకటి. వేలమంది ఊపిరి బిగబట్టారు. డ్రమ్మర్ అమ్మాయి కర్రలు పైకెత్తింది.

బాబాయ్ వేలు లాప్‌టాప్ శబ్దాన్ని పెంచీ తగ్గించే ఫేడర్ మీటని కిందికంటా లాగేసింది.

బేస్ రాలేదు. డ్రమ్స్ మాత్రమే పడ్డాయి. ఒంటరిగా, బోసిగా. గిటార్ కుర్రాడు బిత్తరపోయి మిక్సర్ వైపు చూశాడు. అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. అంతే, పళ్ళు బిగించి, పాట మొత్తాన్ని తన చేతుల మీదికి తీసుకుంది. ఆ దెబ్బలకి హాలు దద్దరిల్లింది.

కమ్మీ మీద గన్ను చల్లగా ఉండిపోయింది. తలుపు దగ్గరివాడు చెయ్యి కోటులో పెట్టాడు. మెరుపు అతి పెద్ద లైటుని గిర్రున తిప్పి వాడి మొహాన కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మి వాడు తడుముకునేలోగా డిపార్ట్‌మెంట్ మనుషులు వాణ్ణి గోడకి అదిమేశారు. జనం అదీ షోలో భాగమే అనుకుని ఈలలు వేశారు. మాస్టారు ఏదీ గమనించలేదు. టోపీ చేత్తో పట్టుకుని ఏడుస్తున్నాడు.

షో అయ్యాక, సామాన్లు ఎక్కించే వెనక గుమ్మం దగ్గర తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు వదలకుండా నిలబడ్డారు. బాబాయ్ స్పీకర్ మోసుకుంటూ పక్కనుంచి వెళ్ళబోయాడు.

"నువ్వు బాగా వాయించావమ్మా," అన్నాడు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. "చివర్లో ఆ సౌండ్ వాడెవడో గానీ, పాట పీక పిసికేశాడు. అలాంటివాణ్ణి ఎలా పెట్టుకున్నారు?"

"ఏం చేస్తాం నాన్నా," అంది కూతురు గొంతు తగ్గించి. "ముసలాయన. చెవులు సరిగ్గా వినిపించవు పాపం."

బాబాయ్ వినిపించనట్టే వెళ్ళిపోయాడు.