కైలాసం స్టూడియోలో ఒక మధ్యాహ్నం

సుశీల చేతిలో ఆ రోజు ఉన్న సరుకు చాలా తక్కువ. ఐదుగురు ఆడపిల్లలు, గురువారం మధ్యాహ్నం ఒక మూడు గంటల వ్యవధి, "సరే, చూద్దాంలే" అన్న అత్తగారి సగం మాట... అంతే! ఆ కాస్తతోనే తన బిడ్డ ముఖంలో నవ్వు తిరిగి తెప్పించాలి.

అది డెబ్భై నాలుగో సంవత్సరం, ఎండాకాలం. యశోదకు పద్నాలుగేళ్ళు. చైత్రంలో పెద్దమనిషి అయింది. ఆ రోజు నుంచి హైదరాబాదు పాతబస్తీ ఛత్రినాకలో ఆ ఇత్తడి సామాను వ్యాపారుల ఇంటి వీధి తలుపు ఆ పిల్లకు మూసుకుపోయింది! నలభై రోజులు... బడికి సెలవులు కాబట్టి అడిగేవాళ్ళూ లేరు. పొద్దస్తమానం మేడమీద కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేది. కంచంలో అన్నం కలిపినది కలిపినట్టే ఉండేది. ఒకనాడు సుశీల తల దువ్వుతుంటే ఉన్నట్టుండి భోరుమంది.

"అమ్మా! రూతు, సావిత్రి, గంగ, గౌరి... అందరు కలిసి తిరుగుతున్నరు. నన్ను మర్చిపోతరు. నేనేం తప్పు చేసిన్నే?"

పదహారేళ్ళ కిందట సుశీల కూడా ఇదే ప్రశ్న అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు.

సుశీల పుట్టిల్లు పురానాపూల్ దగ్గర. తండ్రి మల్లన్నది పప్పుల దుకాణం. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని తక్కెడ పట్టిన పిల్ల ఆమె. ఎదుటివాడికి ఏం కావాలో చూసి, మన దగ్గర ఏముందో చూసుకుని మాట్లాడాలని అక్కడే నేర్చుకుంది. అత్తగారికి కావలసింది పరువు. ఎండ తగలకూడదు, పరాయి మగవాడు చూడకూడదు, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి. అయితే నాలుగు గోడల మధ్య జరిగే షికారు ఒకటి వెతకాలి!

భర్త ప్రహ్లాద్‌ను అడిగితే ఎప్పటి మాటే చెప్పాడు. "మా అమ్మ ఒప్పుకుంటే నాకేం ఫికర్ లేదు. ఆమెనే అడుగు."

అత్తగారు సగం మాట ఇచ్చాక, సుశీల కబురు పెడితే పిల్లలు నలుగురూ పెరటి దారిన వచ్చి మేడమీద చేరారు. రూతు రైల్వేలో పనిచేసే ఇస్సాకు కూతురు, నోరు గల పిల్ల. గంగ, గౌరి కవలలు. సావిత్రి అందరికన్నా నెమ్మది.

"మ్యాట్నీకి పోదం చిన్నమ్మా!" అంది రూతు. "ఆడోళ్ళ దిక్కు పరదా ఉంటది గద."

కింద తమలపాకులు తుడుస్తున్న అత్తగారు నాగమణమ్మ గొంతు పైదాకా వచ్చింది. "సినిమానా! ఎదిగిన పిల్లలను చీకట్ల కూసోబెడతరా?"

"అజాయబ్‌ఘర్ పోదమా మరి? మ్యూజియంల గంట కొట్టే గడియారం చూడొచ్చు" అంది మళ్ళీ రూతు.

"ఆడ బొమ్మలు బట్టలు లేకుంట నిలబడ్డయట! వద్దే వద్దు."

"మా మేనత్తింట్ల అష్టాచెమ్మా ఆడుకుందం..." అని సావిత్రి అంటుండగానే కవలలిద్దరూ ఒక్కసారే నవ్వారు. "అష్టాచెమ్మా ఆడనీకి రిక్షా ఎక్కాల్నా?"

సావిత్రి చిన్నబుచ్చుకుంది. కాసేపాగి, "శాలిబండల కైలాసం తాత ఫోటో స్టూడియో ఉంది. మధ్యాహ్నం ఆడోళ్ళొస్తే తలుపుకు పరదా వేస్తడు. అట్ట విమానం ఉంటది, అండ్ల కూసుంటే నిజంగ ఎగురుతున్నట్టె పడతది" అంది.

యశోద కళ్ళలో నలభై రోజుల తరువాత వెలుగు! సుశీల పరుగున మెట్లు దిగి అత్తగారి ముందు నిలబడింది, పది అభ్యంతరాలకు పది జవాబులు సిద్ధం చేసుకుని.

"ఫోటోనా?" నాగమణమ్మ చేతిలో ఆకు ఆగిపోయింది. "పోండ్రి. మంచిగ తయారై పోండ్రి. కైలాసం మనోడే, నేను కబురు పెడత."

సుశీల నమ్మలేకపోయింది! బేరమాడకుండా చెప్పిన ధరకే ఒప్పుకున్న మనిషిని చూస్తే మల్లన్న కూతురు ఆగి ఆలోచించాల్సింది. కానీ తల్లి కదా... సంతోషంలో ఆ తెలివి మసకబారింది. పైగా గురువారం పొద్దున నాగమణమ్మ తన పట్టు ఓణీ, కాసులపేరు తెచ్చి మనవరాలికి స్వయంగా వేసింది. "బోడి మెడతోటి ఫోటో ఏందే?" అంది. ఆ ప్రేమకు సుశీల కళ్ళు చెమర్చాయి. అత్తగారి కాళ్ళకు దండం పెట్టింది కూడా!

పరదా కట్టిన రెండు రిక్షాల్లో ఆడవాళ్ళు ఆరుగురు, వెనక సైకిల్ మీద గుమాస్తా ఆగయ్య. స్టూడియో మెట్ల మీద అతను కాపలా కూర్చున్నాడు. లోపల మాత్రం స్వర్గం! ఒక గోడకు పూలతోట తెర, ఇంకో గోడకు సముద్రం. నెలవంక ఆకారంలో చెక్క ఉయ్యాల. నాటకాలవాళ్ళకు అద్దెకిచ్చే కోట్లు, టోపీలు, కిరీటాలు ఒక పెట్టె నిండా! రూతు రాజు కిరీటం పెట్టుకుని "ఎవరక్కడ? మాకు మసాలా బొరుగులు తెండి!" అని గద్దించింది. కవలలు ఒకే కోటులో చెరో చెయ్యి దూర్చి దేవిడీ భవనంలో నవాబులా నడిచారు. ఐదుగురూ విమానంలో కూర్చుంటే అట్ట రెక్క ఊడి సావిత్రి ఒళ్ళో పడింది. యశోద నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. ఆ నవ్వు చూస్తూ సుశీల గోడకు ఆనుకుని నిలబడిపోయింది... చాలు తల్లీ, ఈ జన్మకు ఇది చాలు అనుకుంది.

విమానం ఫోటో అయింది. కైలాసం కెమెరా మీది నల్లగుడ్డలోంచి తల బయటికి తీశాడు.

"ఇగ యశోదమ్మ ఒక్కతిది తియ్యాలె. నిలబడి ఒకటి. జడ ముందలికి ఏసుకొని, తల కొంచెం వంచి... నాగమణమ్మగారు అట్లనే చెప్పి పంపిన్రు."

"ఒక్కతిది ఎందుకు?" అంది సుశీల.

ముసలాయన తెల్లబోయాడు. "నీకు చెప్పలేదా బిడ్డా? బేగంబజార్ సంబంధం గద! ఆదివారం పిలగాని మేనత్త వస్తదట, ఆమె చేతికియ్యాలె. ఈ శ్రావణంలనే పెండ్లి అన్నరు."

సుశీల కూతురి మెడ వైపు చూసింది. పట్టు ఓణీ... కాసులపేరు... అడిగిన వెంటనే దొరికిన అనుమతి... అంతా ఇందుకా! పిల్లల షికారు కోసం తను ఏరికోరి వెతికిన ఈ గదిలోకే బిడ్డను తన చేత్తోనే తోలుకొచ్చింది! పదహారేళ్ళ కిందట తననూ ఇట్లాగే "ఫోటో దిగుదాం రా" అని తీసుకుపోయారు. ఎనిమిదో తరగతి పుస్తకాలు ఆ మరునాడే తూకానికి పోయాయి. బయట మెట్ల మీద ఆగయ్య. వద్దని ఎదురుతిరిగితే ఈ మధ్యాహ్నమే ఆఖరు. ఇంటికి పోతే తన మాటకు వీసమెత్తు విలువ లేదు. ఎటు తిరిగినా గోడే!

కూతురిని తెర వెనక్కు తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పింది. యశోద ఏడ్చేసింది.

"తొమ్మిదో తరగతి..." అని మాత్రం అంది.

తెర సందులోంచి రూతు తల దూర్చింది. అంతా విన్నది, ఆ పిల్లకు చాటుమాటు లేదు. "ఫోటో గద దియ్యాలె, తియ్యనియ్యి" అంటూ పెట్టెలోంచి ఒక మీసం తీసి యశోద ముక్కు కింద పెట్టి చూసింది. "మస్తున్నవ్ దొరా!"

ఏడుస్తున్న యశోద ఫక్కున నవ్వింది. సుశీల నవ్వలేదు. ఆ మీసం వైపు చూస్తూ, మనసులో తక్కెడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడింది. తరువాత ఆమే జిగురు రాసి అంటించింది. కోటు తొడిగింది, టోపీ పెట్టింది, చేతికి కర్ర ఇచ్చింది.

కైలాసం రెండు చేతులూ జోడించాడు. "అమ్మా! నాగమణమ్మగారికి నేనేం జవాబు చెప్పాలె?"

"ఒక్కతిది తియ్యమన్నరు, తీస్తున్నవ్. మీసం వద్దన్నరా తాతా?"

ముసలాయన ఆమె ముఖం చూశాడు. తనకూ ముగ్గురు మనవరాళ్ళు. నల్లగుడ్డలో తల దూర్చాడు.

ఆదివారం వచ్చింది. బేగంబజార్ నుంచి పిల్లవాడి మేనత్త లక్ష్మీకాంతమ్మ వచ్చి జంఖానా మీద కూర్చుంది. ఆగయ్య అప్పుడే తెచ్చిన కవరును నాగమణమ్మ విప్పకుండానే గర్వంగా అందించింది. "చూడండ్రి వదినా, చంద్రబింబం లెక్క ఉంటది."

లక్ష్మీకాంతమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. చూసింది. మళ్ళీ చూసింది.

"ఇదేంది వదినా? మా ఇంట్ల ఒక పిలగాడు ఉండనే ఉన్నడు... ఇంకో పిలగాన్ని ఏం చేసుకోవాలె?"

ఫోటో జంఖానా మీద వేసి, ఇచ్చిన పాలు ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది!

ఆ తరువాత ఆ ఇంట్లో లేచిన లొల్లి అంతా ఇంతా కాదు. నాగమణమ్మ నెత్తి కొట్టుకుంది. "పరువు తీసినవ్ గదనే! కోడలు చెప్పినట్టు వినదని రేపు బజారంతా అంటది! నీకు నేనేం తక్కువ చేసిన్నే?" ప్రహ్లాద్ ముఖం తిప్పుకుని గోడ వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ ఆడవాళ్ళ మధ్యకు రాని మామగారు వైకుంఠం వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎందుకు చేసినవ్ బిడ్డా?"

పదహారేళ్ళలో మొదటిసారి సుశీల మామగారి ముందు నోరు విప్పింది.

"అది పదో తరగతి చదవాలె మామయ్యా. రెండేండ్లు... రెండేండ్లే! తర్వాత మీ ఇష్టం."

"బిడ్డ రోడ్ల మీద, తల్లి రోడ్ల మీద... ఇంటి మర్యాద ఏం గావాలె?" అని అరిచింది నాగమణమ్మ.

సుశీల చప్పున తలెత్తింది. ఎదుటివాళ్ళకు కావలసింది ఏమిటో ఆ ఒక్క మాటలో దొరికింది! తన దగ్గర ఇవ్వడానికి ఏముంది? చూసుకుంది. ఒక్కటే ఉంది.

"అయితే ఒక్కరే పోతరు అత్తమ్మా! అది బడికి పోతది. నేను ఈ గడప దాటను. గుడికి పోను, పుట్టింటికి పోను, పేరంటానికి పోను. అది పరీక్ష పాసయ్యేదాక ఈ ఇంటి కోడలు మొఖం బజారు చూడదు. మర్యాద ఎక్కడికీ పోదు!"

"అమ్మా, వద్దే!" అని యశోద వచ్చి కాళ్ళకు చుట్టుకుంది. వైకుంఠం చాలాసేపు కోడలి ముఖంలోకి చూశాడు. నలభై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషి. ఎదుటివాళ్ళు ఉన్నదంతా పళ్ళెంలో పెట్టినప్పుడు ఆయనకు తెలుస్తుంది.

"జూన్‌ల పిల్లను బడికి పంపుండ్రి" అని లేచి వెళ్ళిపోయాడు.

మాట అంటే మాటే! ఆషాఢంలో బోనాలు ఇంటి ముందు నుంచే పోయాయి, సుశీల కిటికీ ఊచల వెనక నుంచి చేతులు జోడించింది. ఒకప్పుడు యశోద పట్టుకుని కూర్చున్న ఊచలే అవి. అరగంట దూరంలో ఉన్న పుట్టింట్లో తమ్ముడు అంజన్ పెళ్ళి జరిగింది, అక్షింతలు కాగితంలో చుట్టి వచ్చాయి. బయటి లోకమంతా సాయంత్రం అయిదింటికి యశోద నోటి నుంచి వచ్చేది. మూలమీద కొత్త హోటలు పెట్టిన సంగతి, రూతు టీచర్‌ను అనుకరించి బెంచీ ఎక్కిన సంగతి, లెక్కల్లో వచ్చిన మార్కులు... తల్లి బియ్యం ఏరుతూ వినేది. కొన్ని రాత్రులు ఎవరికీ తెలియకుండా ఏడ్చేది. బిడ్డ ముందు ఎప్పుడూ ఏడవలేదు.

రెండో ఏడు కార్తీకంలో మల్లన్నకు జబ్బు చేసింది. కబురు విన్న సుశీల వంటింట్లో పొయ్యి ఆర్పేసింది. నాగమణమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోయి చూసిరా. నేనే చెప్తున్న గద."

"వద్దు అత్తమ్మా. నేను మాట తప్పితే రేపు దాని బడి..." మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.

నాగమణమ్మకు కోడలి మీద ఉన్న ఇన్నాళ్ళ కోపం ఏమైందో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి వీధిలో రిక్షా ఆగింది. ఆగయ్య, అంజన్ చెరో రెక్కా పట్టి మల్లన్నను దించుతున్నారు. వెనక దుప్పటి పట్టుకుని నాగమణమ్మ! "మెల్లగ... మెల్లగ పట్టుండ్రయ్యా" అంటోంది. మల్లన్న ఇరవై రెండు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాడు, కూతురి చేతి గంజి తాగాడు, కూతురి ఒళ్ళోనే కన్నుమూశాడు. ఆ రాత్రి నాగమణమ్మ కోడలిని దగ్గరికి తీసుకుంది. "నీ అంత మొండిదాన్ని నేను చూడలేదే..." అని తనే ఏడ్చింది. శ్మశానానికి పోయే దారి వైపు కూడా సుశీల గడప లోపలి నుంచే చూసింది.

మే నెలలో యశోద నంబరు పేపర్లో పడింది. సెకండ్ క్లాసు!

"లే, చీర మార్చుకో" అంది నాగమణమ్మ. "అమ్మవారి గుడికి పోదం. నువ్వు ముందు నడువు."

సుశీల గడప దాటింది. రెండేళ్ళ తరువాత ఎండ నెత్తిన పడింది. వీధి ఆమెకు తెలిసిన వీధి కాదు. రిక్షాలు, సైకిళ్ళు, బస్సు మోత... అడుగు పడలేదు. వెనక్కు తిరిగి ఇంట్లోకి పోదామనిపించింది, భయంతో కళ్ళు మూసుకుంది.

"అమ్మా, కండ్లు తెరువు" అంటూ యశోద చెయ్యి పట్టుకుంది. "ఆటో పోనియ్యి... ఆఁ, ఇగ నడువు. నేనున్న గద!"

పోయినవి పోయాయి. రెండు బోనాలు, ఒక తమ్ముడి పెళ్ళి, తండ్రి కోసం పుట్టింటి వాకిట్లో పడి ఏడవవలసిన ఏడుపు. అవి తిరిగి రావు, సుశీల అడగనూ లేదు. వచ్చింది ఒక్కటే: తల్లి చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూసి, బెదరకుండా వీధి దాటించిన పదహారేళ్ళ బిడ్డ!