పదిహేనో అంతస్తు అరుగు

పొగమంచు కమ్మిన రోజుల్లో నోయిడాలో పదిహేనో అంతస్తుకు భూమితో సంబంధం తెగిపోతుంది. రోడ్లూ కార్లూ మాయమై, పాలనురుగులోంచి ఎదుటి టవర్ల తలలు మాత్రం తేలుతుంటాయి. లక్ష్మీకుమారికి ఆ వేళంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పులతో, గోడ పట్టుకుంటూ, మెట్ల పక్కనున్న ఖాళీ వసారాలోకి వచ్చి కూర్చుంటుంది. సొసైటీవాళ్ళు దాన్ని రెఫ్యూజ్ ఏరియా అంటారు. ఆవిడకు మాత్రం అది "మా అరుగు". భీమవరం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఈ మూడేళ్ళలో ఆ అరుగు మీదికి ఒక నవారు మంచం, పాత ఇనప బీరువా, ఆరు కరివేపాకు కుండీలు చేరాయి. ఎండ మొహం చూపించిన రోజున పాత జరీచీర పరిచి గుమ్మడి వడియాలు కూడా పెడుతుంది.

ఆ ఆదివారం వడియాలు తిరగేస్తుంటే ఫోను మోగింది. సొసైటీ గ్రూపులో ఫోటో. తన చీరే! తన వడియాలే! చుట్టూ ఎర్రటి గీత గీసి ఉంది.

ఎత్తయిన భవనాలకు అగ్నిప్రమాద నియమాలు తిరగరాసే కమిటీలో కోడలు ఇంద్రాణి ఇంజనీరు. నిన్న సొసైటీ మీటింగులో రెఫ్యూజ్ ఏరియాల్లో తప్పులెలా జరుగుతాయో చూపించింది ఆ ఫోటోతోనే.

"ఇంద్రాణీ! ఏంటిది?"

"కమిటీకిచ్చిన రిపోర్టులోది అత్తయ్యా. మీ పేరు లేదు."

"పేరెందుకమ్మా? నా చీర చెప్పేస్తోందిగా! ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? నీకు ఇంకెవరి సామానూ దొరకలేదా?"

"దొరికింది. బి టవర్లో ఇలాంటి చోటే జిమ్ము పెట్టారు, డి టవర్లో ఏకంగా గది కట్టేశారు. వాళ్ళవి చూపించి మనది దాస్తే నా మాట ఎవరు వింటారు?"

హరనాథ్ కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు. "అచ్ఛా అచ్ఛా, ఇద్దరూ కాస్త..."

"నువ్వూరుకో!" అంది తల్లి. "మీరాగండి!" అంది భార్య. ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట కావడంతో అతను వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

"బుధవారంలోగా అన్నీ తీసేయాలి అత్తయ్యా."

లక్ష్మీకుమారి వడియాల చీర అంచు దగ్గరికి లాక్కుంది. "ఈ గాల్లో మేడలో నాదనుకున్నది ఇదొక్కటే. ఇదీ తీసేస్తే నేనెక్కడ కూర్చోను?"

ఇంద్రాణి చెయ్యి అందించింది. "ఒక్కసారి నాతో రండి. నిప్పంటుకుంటే లిఫ్టు ఎక్కకూడదు. మెట్లు దిగి చూద్దాం."

పౌరుషానికి పోయి దిగింది పెద్దావిడ. రెండంతస్తులు దిగేసరికి మోకాళ్ళు మొరాయించాయి. మెట్టుమీదే కూలబడింది. పైన ఎండున్నా, ఇక్కడ కిటికీ అవతల ఇంకా మబ్బులాంటి మంచు, కింద ఏముందో తెలియని తెలుపు.

"ఇంకా ఎన్ని?"

"పదమూడు అంతస్తులు."

"నా వల్ల కాదు. అలాంటిదేమన్నా జరిగితే నా మనవణ్ణి ఎత్తుకుని మీరిద్దరూ వెళ్ళిపోండి. నన్ను..."

"అందుకే అత్తయ్యా ఆ ఖాళీ!" ఇంద్రాణి పక్కనే కూర్చుంది. "దిగలేనివాళ్ళు పొగ తగలకుండా అక్కడ ఉండాలి. ఫైరింజనువాళ్ళు వాళ్ళకోసం అక్కడికే వస్తారు. ఆ నియమం రాసేటప్పుడు మిగతావాళ్ళు కొలతలు వేశారు. నాకు మీ నడకే కళ్ళముందు ఆడింది. గోడ పట్టుకుంటూ వస్తారు కదా... ఆ పొగలో బీరువా అడ్డమొస్తే..."

మాట పూర్తికాలేదు. లక్ష్మీకుమారికి అర్థమైంది. తనకోసం ఉంచిన జాగాను తన చేతులతోనే మూసేసుకుంది. ఈ పిల్లేమో అది తెరిపించాలని ఊరంతటితోనూ, తనతోనూ పోట్లాడుతోంది. "పిచ్చితల్లీ, ఈ మాట ముందే చెప్పకూడదూ!" అంటూ కోడలి తల గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. అక్కడి నుంచి లిఫ్టులో పైకొచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బుధవారం పొద్దున అరుగు నిండా మంచు తప్ప ఇంకేమీ లేదు. కుండీలు బాల్కనీలోకి, వడియాలు పార్కింగులో హరనాథ్ కారు పైకి వెళ్ళాయి. లక్ష్మీకుమారి గోడ పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూసుకుంది. చేతికి ఏదీ అడ్డం తగల్లేదు.

అప్పుడే ఎదురింటాయన పాత కూలరు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"నహీఁ భయ్యా, నహీఁ!" వచ్చీరాని హిందీతో అడ్డం నిలబడింది. "యే జగహ్ హమారా హై. మేరీ బహూ రఖీ హై, మేరే లియే." ఈ చోటు మాది, నా కోడలు నాకోసం ఉంచింది అని ఆవిడ మాట.

తలుపు దగ్గర నిలబడ్డ ఇంద్రాణికి నవ్వొచ్చింది. కళ్ళనీళ్ళు మాత్రం ఆ నవ్వుకు ఆగలేదు.