పదమూడు సీట్ల బరువు

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్క టవర్లో, ఎనిమిదో అంతస్తులో ఉంది. మిగతా అంతస్తులన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలవి. క్యాంటీన్లో ఎవరైనా "మీది ఏ కంపెనీ?" అని అడిగితే, "మేం విమానాలు నడుపుతాం" అంటాను. వాళ్లు నన్ను పైలట్ అనుకుని ఓ క్షణం గౌరవంగా చూస్తారు. ఆ క్షణాన్ని నేను ఎప్పుడూ పాడుచేసుకోను. నిజానికి నేను నడిపేది కాగితాలే. అద్దెకు తిరిగే విమానంలో ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంత బరువు, ఎంత దూరం, దారిలో గాలి ఎటు వీస్తోంది, ఇంధనం ఎంత పోయాలి... ఇవన్నీ కంప్యూటర్లో వేసి పైలట్లకు పంపడం నా పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసుకుంటాను, సోమవారం లెక్కలు వేసుకుంటాను. రెంటికీ మధ్య ఎప్పుడూ తగవు రాలేదు.

మాకు మూడు విమానాలు ఉండేవి. రెండు చిన్నవి. మూడోది పెద్దది, పాతది, ఇరవై ఎనిమిదేళ్లది. దాన్ని మేమంతా 'పెద్దాయన' అనేవాళ్లం. మా ఓనరు సురేంద్ర గారు ప్రొద్దుటూరు నుంచి వచ్చి, పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్లు కట్టి పైకొచ్చిన మనిషి. ఎక్కడో విదేశంలో అమ్మకానికి పెడితే చవగ్గా వచ్చిందని కొనుక్కొచ్చారు.

పెద్దాయన కొత్త విమానాల్లా చురుగ్గా పైకి లేవడు. ముప్ఫై ఐదు వేల అడుగులు అందుకునేసరికి మెట్లెక్కిన ముసలాయనలా ఆయాసపడతాడు. కానీ లోపలి సుఖం మాత్రం చెప్పనలవి కాదు. ఆరడుగుల మనిషి తల వంచకుండా నడవొచ్చు. పదమూడు తోలు సీట్లు, ఒక్కొక్కటీ మంచంలా వెనక్కి వాలుతుంది. ఇంజన్లు తోక దగ్గర ఉండటంతో మోత ముందుకు రాదు, గుసగుసలాడినా వినపడుతుంది. చెవులు దిబ్బడపడవు, గొంతు ఎండదు. ఎక్కిన వాళ్లందరిదీ ఒకటే మాట: "ఏం నిద్రండీ బాబూ, ఇంట్లో కూడా ఇలా పట్టదు!" దిగేటప్పుడు వాళ్లని తట్టి లేపాల్సి వచ్చేది. మెట్లు దిగుతూ, "ఒళ్లు తేలికైపోయిందండీ" అనేవాళ్లు. సురేంద్ర గారు ఆ మాటను ప్రకటనలో కూడా వేయించుకున్నారు.

ఆ విమానంలో అతిథులకు కాఫీలు, దుప్పట్లు అందించేది మా చెల్లెలు సెలీనా. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను. నర్సింగ్ చదివి, డ్యూటీలు పడలేక రోజూ ఏడుస్తుంటే, నేనే సురేంద్ర గారిని బతిమాలి ఈ ఉద్యోగం వేయించాను. ఈ ముక్క మర్చిపోదామన్నా నా వల్ల కావడం లేదు.

గొడవంతా ఇంధనంతో మొదలైంది. అతిథుల్ని ఎక్కడో దించేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన తేలిగ్గా ఎగరాలి కదా. ఎగరడు. నిండుగా ఉన్నట్టే మెల్లగా లేస్తాడు, నిండుగా ఉన్నట్టే తాగుతాడు. రెండుసార్లు నేను వేసిన లెక్క కంటే తక్కువ ఇంధనంతో దిగాడు. కెప్టెన్ భరత్ గారు ఫోన్ చేసి, "ఎలిజబెత్ గారూ, పైన ఉండేది మేమండీ. కాస్త చూసి వేయండి" అన్నారు, నవ్వుతూనే. సురేంద్ర గారైతే, "నీ లెక్కే తప్పింటాది, చూసుకోమ్మా" అని తేల్చేశారు. నా లెక్క తప్పంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంజనీరు దానియేలు అంకుల్ బాలానగర్ మనిషి, మా చర్చి పెద్ద కూడా. ఆయన చేత విమానాన్ని తూకం వేయించాను.

"తూకం కరెక్టే ఉన్నది బిడ్డా," అన్నాడు. "కింద ఉన్నప్పుడైతే కరెక్టే."

"అంటే?"

"అంటే ఏముంది, పైకి వోయినంక నేను తూకం వెయ్యలేను గద."

విమానం పాత రికార్డు పుస్తకాలన్నీ తిరగేశాం. ప్రమాదం లేదు, అందులో ఎవరూ చనిపోయిందీ లేదు. మచ్చలేని విమానం. చివరికి ఆరునెలల అంకెలన్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. తాగిన ఇంధనాన్ని బట్టి మోసిన బరువు కట్టి చూస్తే, ఖాళీగా వచ్చిన ప్రతిసారీ తేడా ఒక్కటే. వెయ్యి కిలోలకు ఓ పాతిక తక్కువ. మనిషికి డెబ్బై ఐదు చొప్పున వేసుకుంటే సరిగ్గా పదమూడు మంది.

నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. లెక్క దొరికింది కదా! ఖాళీ విమానానికి కూడా పదమూడు మంది ఉన్నట్టు వేస్తే ఇంధనం సరిపోతుంది, మా వాళ్లు క్షేమంగా దిగుతారు. పైలట్లకు వెళ్లేది ఇంధనం అంకె మాత్రమే, పేర్ల పట్టీ మా ఆఫీసులోనే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. కాకపోతే మా కంప్యూటర్ ప్రతి మనిషికీ ఒక పేరు అడిగింది. 'ప్రయాణికుడు ఒకటి', 'ప్రయాణికుడు రెండు' అంటూ పన్నెండు వరకూ కొట్టాను. పదమూడు దగ్గర చెయ్యి ఆగింది. ఖాళీగా వచ్చేటప్పుడు సెలీనా ఎలాగూ చివరి సీట్లోనే కూర్చుంటుంది కదా. దాని పేరును సిబ్బంది పట్టీలోంచి తీసి, ప్రయాణికుల పట్టీలో పదమూడో పేరుగా వేశాను. అంతే. టీ తాగడానికి వెళ్లిపోయాను.

అది గురువారం. పెద్దాయన ఢిల్లీలో అతిథుల్ని దించి, మధ్యాహ్నం రెండున్నరకు ఖాళీగా బయల్దేరాడు. లోపల భరత్ గారు, కో-పైలట్, సెలీనా. బయట మబ్బు పట్టి, మా అద్దాల్లోంచి మైండ్‌స్పేస్ వైపంతా బూడిద రంగులో కనిపిస్తోంది. మూడున్నరకు విమానంలోని ఫోన్ నుంచి సెలీనా చేసింది.

"అక్కా, బిజీనా?"

"చెప్పవే."

"ఏం లేదు. ఇక్కడ ఒకటే ఉక్కగా ఉంది. ఏసీ పద్దెనిమిదికి పెట్టాను. అయినా చెమటలు పోస్తున్నాయి."

"భరత్ సార్‌కి చెప్పావా?"

"చెప్పా. ముందు, కాక్‌పిట్‌లో వాళ్లకి చలేస్తోందంట."

విమానం నిండుగా ఉంటేనే అలా వేడెక్కుతుంది. ఒక్కో ఒళ్లూ ఒక్కో పొయ్యి. ఖాళీగా వచ్చేటప్పుడు సెలీనా ఎప్పుడూ శాలువా కప్పుకుని వణుకుతూ కూర్చునేది.

"కిటికీలకు ఆవిరి పట్టిందక్కా," అంది. "లోపలి వైపు. తుడిస్తే మళ్లీ పడుతోంది. ఇంకా... ఏదో వాసన. చాలామంది పడుకున్న గది తలుపు పొద్దున్నే తీస్తే వస్తుందే, తలనూనె, దుప్పట్లు, నోటి వాసన... అలా."

తెర మీద పట్టీ తెరిచాను. పన్నెండు మంది ప్రయాణికులు. పదమూడు, సెలీనా. అప్పుడు వేసింది నాకు భయం.

"సెలీనా, ఎక్కడ కూర్చున్నావు?"

"నా సీట్లోనే. చివర్లో."

"లేచి పైలట్ల దగ్గరకు వెళ్లు. అక్కడ మడత సీటు ఉంటుంది కదా, దాంట్లో కూర్చో. ఇప్పుడే."

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"సెలీనా! వినపడుతోందా?"

"మెల్లగా అక్కా..." గొంతు బాగా తగ్గించింది. "గట్టిగా అరవకు. లేస్తారు."

"ఎవరు?"

ఊపిరి వినిపించింది. దాని ఊపిరే. ఆ తర్వాత ఇంకొకటి... కాస్త బరువైనది. దాని వెనక ఇంకొకటి. ఒకదానికొకటి కలవకుండా, గదినిండా మనుషులు నిద్రపోతున్నట్టు.

దాని పేరు ఆ పట్టీలోంచి తీసేయబోయాను. కుదరలేదు. విమానం నేల విడిచాక పట్టీ మారదు. ఆ నియమం మా ఆఫీసులో పెట్టించింది నేనే. మళ్లీ నొక్కాను. మళ్లీ. తొందరలో ఏవేవో నొక్కేశాను. పేరు అలాగే ఉంది.

భరత్ గారికి మెసేజ్ పెట్టాను. 'సెలీనాను మీ దగ్గరకు పిలిపించండి. అర్జెంట్.' రెండు నిమిషాలకు జవాబొచ్చింది. 'కో-పైలట్ వెళ్లి చూశాడు. బెల్టు పెట్టుకుని పడుకుంది. పాపం, పడుకోనివ్వండి.' 'లేపండి' అని పెట్టాను. ఈసారి ఐదు నిమిషాలు. 'లేవడం లేదు. ఊపిరి మామూలుగానే ఉంది. బాగా అలసిపోయినట్టుంది. దిగాక చూద్దాం.'

ఏం చెప్పను నేను? ఏమని చెప్పను? ఆయన రాసిన దాంట్లో తప్పేముంది? అలసిపోయిన పిల్ల నిద్రపోతోంది. అదీ కథ. తెర మీద విమానాన్ని చూపించే చిన్న పచ్చచుక్క నాగపూర్ దాటింది. దాన్ని తోయలేను, ఆపలేను, కిందికి దించలేను. ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ప్రార్థన మొదలుపెట్టాను గానీ మాటలు గుర్తు రాలేదు, అంకెలే గుర్తొచ్చాయి. ఆదిలాబాద్. ఊపిర్లు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. "సెలీనా... నాన్నా... కళ్లు తెరువమ్మా." నిర్మల్. ఇప్పుడు రెండు మూడు కలిశాయి. నిజామాబాద్ దగ్గరకొచ్చేసరికి అన్నీ కలిసిపోయాయి. ఒకటే పీల్చడం... ఒకటే వదలడం... అందులో మా చెల్లెలిది ఏదో నాకు తెలియలేదు. తర్వాత ఫోన్ తెగిపోయింది.

బేగంపేట ఎయిర్‌పోర్టుకు ఎలా చేరానో గుర్తులేదు. నేను వెళ్లేసరికే పెద్దాయన హ్యాంగర్ ముందు నిలబడి ఉన్నాడు, మెట్లు దింపి ఉన్నాయి. సెలీనా తనంతట తనే దిగొచ్చింది. జుట్టు రేగింది, కళ్లు వాచాయి, అంతే. నేను గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. దానియేలు అంకుల్ కంగారుపడి నీళ్లు తెచ్చాడు.

భరత్ గారు నవ్వుతూ వచ్చారు. "ఎలిజబెత్ గారూ, ఇవాళ మీ లెక్క తప్పింది! ఇక్కడిదాకా బరువుగానే వచ్చాడు. చక్రాలు నేలకు తగలబోయే ముందు ఒక్కసారిగా తేలికైపోయాడు. కిందికి దిగడే! రన్‌వే మీద తేలుకుంటూ సగం దూరం పోయాడు. పెద్దాయన ఖాళీగా దిగడం నేను ఇదే చూడటం."

ఆ మాట విని నా మనసు కుదుటపడింది. పోయిందేదో పోయింది, పిల్ల దక్కింది అనుకున్నాను. పిచ్చిదాన్ని.

"ఒళ్లెలా ఉందే? తేలిగ్గా ఉందా?" అని అడిగాను.

"లేదక్కా," అంది సెలీనా ఆవలిస్తూ. "బరువుగా ఉంది."

క్యాబ్ ఎక్కి చందానగర్‌లోని మా ఇంటికి బయల్దేరాం. దారంతా సెలీనా నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మూసాపేట దాటాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు డ్రైవర్ గేర్లు మార్చి మార్చి విసుక్కున్నాడు. "ఏందో మేడం, బండి లాగుతలేదు. నిన్ననే సర్వీసింగ్ జేయించిన." నేను కిటికీలోంచి బయటకు చూశాను.

ఏడున్నరకు ఇల్లు చేరాం. మాది మూడో అంతస్తు. మెట్ల పక్కన స్టూలు మీద వాచ్‌మన్ తిమ్మప్ప కూర్చుని, ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు. కాళ్లు దారికి అడ్డంగా చాపుకోవడం ఆయన అలవాటు. సెలీనా ముందు లిఫ్ట్ ఎక్కింది. నేను వెనక అడుగు పెట్టాను. బటన్ నొక్కాను. తలుపులు మూసుకోలేదు.

గీ... మని మోత మొదలైంది. బటన్ల పైన ఎర్రటి దీపం. బరువు ఎక్కువైంది.

నేను బయటకు దిగాను. మోత ఆగలేదు. లోపల సెలీనా ఒక్కతే ఉంది. నలభై ఎనిమిది కిలోల మనిషి.

"అందరూ ఒక్కసారే ఎక్కితే యెట్లమ్మా?" అన్నాడు తిమ్మప్ప, ఫోన్లోంచి కళ్లు తీయకుండా. "కొందరు దిగండి."

"సెలీనా, బయటకు రా," అన్నాను. "మెట్లెక్కి పోదాం. రామ్మా..."

అది రాలేదు. ఆ మూలకు ఒదిగి నిలబడి ఉంది. బ్యాగు గుండెకు హత్తుకుని, మోచేతులు దగ్గరకు లాక్కుని, పొద్దున తొమ్మిదింటి మెట్రోలో నిలబడినట్టు. కళ్లు సగం మూసుకునే ఉన్నాయి.

"ఎక్కక్కా," అంది గుసగుసగా. "జరుగుతారు."

నేను ఎక్కాను. ఇంకేం చేయను? దాన్ని ఒక్కదాన్నే ఆ డబ్బాలో ఎలా వదలను? ఎక్కి దాని చెయ్యి పట్టుకున్నాను. వేడిగా ఉంది. నా మెడ మీద, చెవి పక్కన, వెచ్చటి ఊపిరి తగిలింది. సెలీనా నాకు ఎదురుగా ఉంది.

అప్పుడు మోత ఆగింది.

మేమిద్దరం కదల్లేదు. ఒక్క అంగుళం కూడా కదల్లేదు. అయినా ఎర్ర దీపం ఆరిపోయి, తలుపులు మెల్లగా దగ్గరకు రావడం మొదలుపెట్టాయి. మిగిలిన సందులోంచి బయటకు చూశాను. తిమ్మప్ప ఫోన్ చూసుకుంటూనే, దారికి అడ్డంగా చాపిన కాళ్లను ముడుచుకున్నాడు. ఒకరి వెనక ఒకరు వెళ్తుంటే దారి ఇచ్చినట్టు, ముడిచిన కాళ్లను అలాగే ఉంచాడు. తర్వాత తలెత్తకుండానే, ఎవరో అడిగితే చెప్పినట్టు, చేత్తో చూపించాడు.

"మెట్లు ఈ పక్క ఉండాయి. మూడో అంతస్తేనా?"