గుప్తవార్త పంపినవాడు

క్రేను దిగి మణికట్టుకున్న మణిపలక చూసుకున్న కూర్మారావుకు పసుపు అక్షరాలు కనిపించాయి. ‘జూలై పదకొండున మీతో గడిపిన ఒకరికి హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. పరీక్షకు రండి.’

అది గుప్తవార్త. పంపినవారి పేరు ఉండదు. ఇద్దరు దగ్గరగా గడిపితే మణిపలకలు ఒకదాని గుర్తు మరొకటి దాచుకుంటాయి. క్లినిక్కులో రక్తసూచి ఒక్క నెత్తుటి చుక్కతో వైరస్ ఏ వారంలో సోకిందో చెబుతుంది. ఆ తరువాత రోగి తాను ఏ రోజున ఎక్కడ గడిపాడో చెబితే చాలు, అవతలివారి పేరు తెలియకపోయినా వార్త దానంతటదే వెళ్తుంది. వైరస్ సోకినవారిని చుక్కలుగా చూపే విశాఖ జాడపటం మీద గడిచిన ఏడాదిలో కొత్త చుక్కలు నాలుగే.

జూలై పదకొండు. భీమిలి రేవు, వాన, నవ్వితే కళ్లు మూసుకుపోయే మనిషి. పేరు అడగలేదు. ఆరు నెలలుగా కూర్మారావు ఆ రేవులో వెతుకుతూనే ఉన్నాడు.

క్లినిక్కులో నర్సు రూతమ్మ రక్తసూచి చూసి నవ్వింది. “నీకు లేదు బాబూ. నిశ్చింతగా వెళ్లు.”

కూర్మారావు కదల్లేదు. భయం పోయింది, గుండె మాత్రం తేలికపడలేదు. ఎందుకో అతనికే తెలియలేదు.

“ఆయన ఎలాగున్నాడండి?”

“ఎవరు?”

“వార్త పంపినాయన.”

“ఎవరో నాకూ తెలీదు. ఆరు నెలలకో సూది వేయించుకుంటే నూరేళ్లు బతుకుతాడు.”

“అయితే నాకూ వచ్చిందని రాసీండి. అప్పుడు నా కాడి నుంచి ఆయనకో వార్త ఎల్తాది కదా?”

రూతమ్మ చేతిలోని దూది జారిపోయింది. “రాలేదని రాయమని ఏడ్చినవాళ్లని చూశాను గానీ...” ఆమె తల అడ్డంగా ఊపింది. “తప్పుడు చుక్క పెట్టలేను నాయనా.”

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే కూర్మారావు క్లినిక్కు వసారాలో కూర్చోసాగాడు. పన్నెండో రోజున రూతమ్మ బయటికి వచ్చింది.

“నీ మణిపలక ఇన్నిసార్లు ఇక్కడ కనబడేసరికి జాడపటం ఎర్రబడింది. కొత్తగా వ్యాపిస్తోందా అని పైనుంచి అడుగుతున్నారు. ఏమని రాయను?”

“నాకూ తెలీదండి,” అన్నాడతను. నిజంగానే తెలీదు.

ఆ తరువాతి మంగళవారం ఒక మనిషి మెట్లెక్కి, వసారాలో కూర్మారావును చూసి గిరుక్కున వెనుదిరిగాడు.

“ఆగండి!”

ఆయన ఆగాడు గానీ ముఖం తిప్పలేదు. “నాకప్పటికి తెలీదండి. తెలిస్తే మీ దరికే రాకపోదును. మీకూ వచ్చీసిందా?”

“లేదండి.”

అప్పుడు తిరిగాడు. మనిషి చిక్కిపోయాడు. కళ్లలో మొదట ఊరట, వెంటనే అయోమయం.

“మరి ఇక్కడెందుకు కూకున్నారు?”

కూర్మారావు పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు. లోపలి నుంచి రూతమ్మ ఎవరిదో వరస సంఖ్య పిలిచింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“నాదే. మొదటి సూది,” అన్నాడు.

కూర్మారావు లేచి, ఆయన పక్కన లోపలికి నడిచాడు.