దేవుడమ్మ వెన్నునీరు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నర్సీపట్నంలో కుక్క కూడా రోడ్డెక్కదు. ఆ ప్రైవేటు ఆసుపత్రి వరండాలో రోగుల చుట్టాలు తువ్వాళ్లు పరుచుకుని కునుకు తీస్తున్నారు. కరెంటు పోయింది. లేబ్ గదిలో ఉక్క, స్పిరిట్ వాసన. డాక్టర్ మన్మథరావు తలుపు మూసుకుని, ఐసు నింపిన థర్మాస్ ఫ్లాస్కు వైపే చూస్తున్నాడు.

ఆ ఫ్లాస్కు డాక్టర్ రామనాథానిది. ఇద్దరూ కలిసి చదివారు, కలిసే ఇక్కడ చేరారు. ఇప్పుడేమో ఎవరి నోట విన్నా రామనాథమే! మెదడు పొరలు వాచే మెనింజైటిస్ రోగుల వెన్నులోంచి నీరు తీసి, అందులో కార్టిసాల్ ఎంతుందో వైజాగ్ లేబ్‌లో కొలిపిస్తాడు. భయం వేసినా, ఒంటికి పెద్ద కష్టం వచ్చినా ఊరే హార్మోను అది. "అది మరీ పెరిగిందంటే మనిషి దక్కడం కష్టంరా" అంటాడు. అన్నట్టే జరుగుతోంది కూడా. వచ్చే నెల పెద్ద డాక్టర్ల సభలో మాట్లాడమని పిలుపొచ్చింది. ఇక మన్మథరావుకి తిన్న కూడు ఒంటబడితే ఒట్టు! కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. తనలో లేనిది వాడిలో ఏముందట? ఒక్క లెక్క తప్పితే చాలు, సభలో వాడి పరువు గంగలో కలుస్తుంది.

వార్డులో కొయ్యూరు నుంచి తెచ్చిన దేవుడమ్మ మెడ బిగుసుకుపోయి, స్పృహ లేకుండా పడుంది. పొద్దున్న తీసి, మిషన్లో తిప్పి తేర్చిన ఆవిడ వెన్నునీరు ఫ్లాస్కులోని గాజు గొట్టంలో ఉంది. బస్సు కండక్టరు చేతికిస్తే సాయంత్రానికి వైజాగ్ చేరుతుంది. మన్మథరావు ఆ గాజు గొట్టం తీసి, నీటిని కిటికీలోంచి పారబోశాడు. సెలైన్ సీసాలోంచి అంతే లాగి, అందులో పోసి బిరడా బిగించాడు. ఉప్పునీళ్లలో హార్మోను ఎక్కడుంటుంది? చావబోయే మనిషికి సున్నా వస్తుంది. నవ్వొచ్చిందతనికి.

అప్పుడు... వెనకాల ఎవరో ముక్కు ఎగబీల్చారు.

తలుపు మూసే ఉంది. జ్వరం చెమటకి తడిసిన దుప్పటి వాసన...

"నాది పారబోసీసినావేటి, బాబూ?"

గుసగుస. చెవి పక్కనే. వేడి ఊపిరి మెడకి తగిలింది. మన్మథరావు తిరగలేదు... తిరగలేకపోయాడు.

"ఉత్తి నీలు అంపకు... నీది పొయ్యి."

వెన్నులో ఏదో సన్నగా జారినట్టయింది. అంతలో వరండాలోంచి ఆయా జోగులమ్మ కేక. "డాట్రుబాబూ! బేగి రండి! దేవుడమ్మ పోనాదండీ!"

తిరిగి చూస్తే గదిలో ఎవరూ లేరు. అంత భయంలోనూ, చూడండి, ఆ గొట్టం ఫ్లాస్కులో పెట్టడం మాత్రం మరవలేదు మహానుభావుడు! కడుపుమంట అలాంటిది.

రిజల్టు వచ్చిన రోజు మన్మథరావుకి ఒళ్లు కాలిపోతోంది. రామనాథం పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే, దేవుడమ్మది చూశావా? ఇంత కార్టిసాల్ వైజాగ్ వాళ్లు ఎప్పుడూ చూళ్లేదట! మళ్లీ చేసినా అంతేనట. నా మాటే నెగ్గిందిరా!"

ఉప్పునీళ్లు... తన చేత్తో పోసిన ఉప్పునీళ్లు. అయినా ముందు మండింది కడుపే. మళ్లీ వీడే నెగ్గాడు!

"అలా ఉన్నావేంరా? గెడ్డం గుండెకి ఆనించు."

ఆనించబోయాడు. మెడ వంగలేదు.

ఖాళీగా ఉన్నది దేవుడమ్మ మంచమే. దాని మీదే పక్కకి తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. రామనాథం నడుం దగ్గర వేలితో తడిమి సూది దించాడు. ఆగాడు. తీసి, పై ఎముక సందులో దించాడు. మళ్లీ ఆగాడు.

"ఏమైందిరా?" అన్నాడు మన్మథరావు, గోడకేసి చూస్తూ.

"సూది సరిగ్గానే దిగిందిరా..." రామనాథం ఖాళీ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "లోపల చుక్క లేదు."

మంచం కింద ఎవరో ముక్కు ఎగబీల్చారు.